గోపురం లేని చర్చి

కోల్వెర్ ఊరి చర్చి వంకరగా ఉండేది. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అనుకుంటే ముద్దు, పక్కూరు ఆర్తెస్ వాళ్ళు అంటే తగువు. లోపలికి అడుగుపెట్టి పీఠం వైపు చూస్తే ఎడమ గోడ కొంచెం పక్కకి ఒదిగినట్టుండేది. అయిదు వందల ఏళ్ళ కిందటి పెద్ద భూకంపంలో పాత చర్చి కూలిపోతే, ఆ రాళ్ళతోనే రైతులు మళ్ళీ కట్టుకున్నారట. కొలతలు తెలిసిన మేస్త్రీ ఆ భూకంపంలోనే పోయాడనీ, మిగిలినవాళ్ళు కంటితో చూసి కట్టారనీ చెప్పుకునేవారు.

తర్వాత ఫ్రెంచి సైన్యం వచ్చి అందులో గుర్రాలను కట్టేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా వాళ్ళు గంటను దింపుకుపోయి కరిగించారు. యుద్ధం అయ్యాక ఊరు కొత్త గంట పోయించుకుంది. ఇవన్నీ పైనుంచి వచ్చి పడినవి. ఊరు తనంతట తాను చేసిన పని ఒకటే, గంట గోపురాన్ని ఎత్తు చేయడం. అది దెల్ఫీనా తాత జెర్మానో హయాంలో జరిగింది.

అంతకుముందు గోపురం చర్చి కప్పుకంటే కాస్త ఎత్తు, అంతే. గాలి ఎదురుగా వీస్తే దాని గంట పొలాలకి వినపడేది కాదు. ఆర్తెస్ వాళ్ళ గోపురం పొడుగు. మధ్యాహ్నం వాళ్ళ గంట మోగితేనే కోల్వెర్ రైతులు కొడవళ్ళు పక్కన పెట్టి తిండికి కూర్చునేవారు. "మన సంకటి మనం ఇంకోళ్ళ గంటకి తింటున్నాం. సిగ్గులేదూ?" అన్నాడట జెర్మానో ఒకరోజు. ఆ ఒక్క మాటతో ఊరంతా లేచింది. రెండు శీతాకాలాలు తాల్యామెంతో ఏటి నుంచి బండ్ల మీద రాళ్ళు తోలి, పాత గోపురం నెత్తిన ఇంకో రెండు అంతస్తులు లేపారు. అప్పట్నుంచి ఆర్తెస్ వాళ్ళే కోల్వెర్ గంటకి తినాల్సి వచ్చింది. ఆ సంగతి దెల్ఫీనా పుట్టకముందే ఊళ్ళో కథ అయిపోయింది.

దెల్ఫీనాకి పెళ్ళి కాలేదు. తండ్రి పోయాక కొట్టం, అయిదు ఆవులు, ఏటి పక్కన గడ్డి చేను ఆమె చేతికి వచ్చాయి. అక్క ఎర్సీలియాని ఊళ్ళోనే గ్వెరీనోకి ఇచ్చారు. గ్వెరీనో ఇల్లు చర్చి పక్కనే. వంటింటి కిటికీ తెరిస్తే గోపురం మొదలు కనిపించేది. అక్కచెల్లెళ్ళు రోజూ కలుసుకునేవారు. గ్వెరీనో నోరున్న మనిషి, పేకాటలో ఓడితే ఒప్పుకునేవాడు కాదు. మరదలు కనిపిస్తే చాలు ఏదో ఒకటి అనకుండా వదిలేవాడు కాదు. "ఏవమ్మా, ఇవాళ ఆవులే పాలిచ్చాయా, నువ్వే ఇచ్చావా? మొహం అలా పీక్కుపోయింది!" అనేవాడు. "నీ మొహం కంటే నా ఆవు మొహం నయం బావా, పొద్దున్నే చూసినా గిట్టుబాటవుతుంది," అనేది దెల్ఫీనా.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరో సంవత్సరం మే నెలలో, పొద్దు గూకిన కాసేపటికి భూమి కదిలింది. దెల్ఫీనా అప్పుడు ఈనబోతున్న ఆవు దగ్గర కొట్టంలో ఉంది. కొట్టం పెంకులు రాలాయి కానీ దూలాలు నిలిచాయి. గ్వెరీనో సారాకొట్లో పేకాడుతున్నాడు. ఆ కప్పూ నిలిచింది. కూతురు మిల్వియా ఉదినె పట్నంలో పనికి వెళ్ళి ఇంకా రాలేదు. ఎర్సీలియా మాత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. గోపురం పై రెండు అంతస్తులు విరిగి, పక్కకి ఒరిగి, ఆ వంటింటి మీద పడ్డాయి. కింది పాత భాగం అలాగే నిలబడింది.

ఊళ్ళో ఆ వారమంతా శవాలు లేస్తూనే ఉన్నాయి. చర్చి కప్పు లోపలికి కూలిపోవడంతో ఫాదర్ తీలియో ఎండుగడ్డి బండి మీద తెల్లగుడ్డ పరిచి పూజ చేశాడు. ఎర్సీలియాని పాతిపెట్టిన రోజు గ్వెరీనో ఏడవలేదు. అతని పక్కన నిలబడ్డ దెల్ఫీనా కూడా ఏడవలేదు. ఇంటికి, అంటే గుడారానికి, వచ్చాక ఇద్దరూ ఒకే గిన్నెలో పులుసు తాగారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళు ఒక చోట కూర్చుని తినలేదు.

దానికి కారణం రాళ్ళు.

శిథిలాలు ఎత్తేయడానికి సైన్యం వచ్చింది. ముందు ఏది కట్టుకోవాలన్న మాట వచ్చినప్పుడు ఫాదర్ తీలియో తేల్చి చెప్పాడు. "దేవుడు పుట్టిందే కొట్టంలో. కొన్నాళ్ళు గుడారంలో ఉంటే ఆయనకేం తక్కువ కాదు. ముందు పశువుల కొట్టాలు, తర్వాత మీ ఇళ్ళు, ఆ తర్వాతే చర్చి." అది అందరికీ నచ్చింది. కానీ అంతవరకూ ఆ రాళ్ళగుట్ట ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఒక ఉదయం బుల్డోజరు చర్చి ముందు ఆగాక దెల్ఫీనాకి అర్థమైంది.

బుల్డోజరు మీద ఉన్నవాడు దేశం దక్షిణపు కొస నుంచి వచ్చిన సిపాయి. "పక్కకి జరగండమ్మా. సాయంత్రానికల్లా ఇదంతా ఏట్లో పడెయ్యాలి," అన్నాడు.

"ఏట్లో ఎందుకు?"

"చెత్త కదమ్మా!"

దెల్ఫీనా వంగి ఒక రాయిని దొర్లించింది. ఒక పక్క నున్నగా, అరచేయి పట్టేంత గుంట పడి ఉంది. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ చెయ్యి ఆనించి గడప దాటిన రాయి అది.

"ఇది చెత్త కాదు నాయనా, మా తలుపు," అంది.

సిపాయి ఇంజను ఆపాడు. "మరెక్కడ పెట్టుకుంటారు?"

"నా చేలో."

అతను కాసేపు ఆమెకేసి, కాసేపు గుట్టకేసి చూశాడు. "ఈ బండికి చెయిన్ తెగిందని మా ఆఫీసరుకి చెప్తాను. రేపు మధ్యాహ్నం దాకా ఆపగలను. ఆ పైన నా చేతుల్లో లేదు. మీకు పుణ్యముంటుంది, ఆయన వస్తే మాత్రం నేను మీతో మాట్లాడినట్టు చెప్పకండి."

దెల్ఫీనా ట్రాక్టరుకి బండి తగిలించింది. మగవాళ్ళంతా కొట్టాల దగ్గర దూలాలు నిలబెడుతున్నారు. ఆడవాళ్ళకి వంట చేద్దామంటే వంటిల్లు లేదు, తుడుద్దామంటే నేల లేదు. ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తుండాలని రంగు పూయాలనుకున్నారు. ఎవరింట్లోనో కిటికీ తలుపులకి తెచ్చిన ఆకుపచ్చ రంగు దొరికింది. చర్చి రాళ్ళకి అది పూశారు. బండ్లకి వేసే ఎర్ర రంగు దెల్ఫీనా కొట్టంలో ఉంది. గోపురం రాళ్ళకి అది పూశారు. గోడ ఏదో, స్తంభం ఏదో తేల్చేటప్పుడు పోట్లాటలు కూడా వచ్చాయి.

"అది కుడి స్తంభంది కాదే, ఎడమదే!"

"నాకు చెప్పకు. ఫాదర్ ప్రసంగం చెప్తున్నంతసేపూ నేను వీపు ఆనించి కునుకు తీసిన రాయి అది. నా వీపుకి తెలీదా?"

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. మర్నాడు సిపాయి చెప్పిన వేళకి ఆఫీసరు వచ్చేసరికి గుట్టలో మట్టీ పెంకులే మిగిలాయి. అవతల దెల్ఫీనా గడ్డి చేను, ఏటిగట్టు నుంచి పైదాకా, రాళ్ళతో నిండిపోయింది. ఏడాదికి మూడు కోతలిచ్చే చేను అది.

గ్వెరీనో ఆ సాయంత్రం చూశాడు. వచ్చి చేను గట్టు మీద నిలబడ్డాడు. దెల్ఫీనా చేతులకి రెండు రంగులూ అంటుకుని ఉన్నాయి.

"ఆ ఎర్రవేంటి?" అని అడిగాడు.

"గోపురానివి."

"మీ అక్కని చంపినవి."

"బావా, రాయికేం తెలుసు..."

"రాయికి తెలీదు. నీకు తెలుసుగా! దాన్ని ఆ రాళ్ళ కిందనుంచి తీసింది ఎవరనుకున్నావ్? ఈ చేతుల్తో నేను తీశాను. నువ్వేమో వాటిని కడిగి, రంగులేసి, పెళ్ళికూతుళ్ళలా వరస పెట్టి పడుకోబెట్టావు. ఎందుకూ, మళ్ళీ కట్టడానికా? మళ్ళీ నా నెత్తిన పెట్టడానికా?"

బుల్డోజరుని చూసినప్పుడు దెల్ఫీనాకి వచ్చిన ఆలోచన ఒక్కటే, ఇవి పోతే ఇంకేమీ మిగలదు అని. గోపురం మళ్ళీ కట్టాలా వద్దా అన్నదాకా ఆమె వెళ్ళనేలేదు. ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేదేమో. ఆమె మాత్రం, "పోయినామె నాకూ అక్కే," అంది.

గ్వెరీనో వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి దారిలో ఎదురైతే టోపీ సర్దుకునేవాడు తప్ప నోరు విప్పేవాడు కాదు.

సెప్టెంబరులో భూమి మళ్ళీ కదిలి, నిలిచిన గోడల్నీ గోపురం మొదలునీ పడగొట్టింది. ఆ రాళ్ళు కూడా చేలోకే వచ్చాయి. చలికాలం ఊరందరినీ సముద్రం ఒడ్డున వేసవి హోటళ్ళలో పెట్టారు. తెల్లవారకముందే లేచే అలవాటున్న రైతులు, ఆవుల్ని దూరపు ఊళ్ళ కొట్టాల్లో ఉంచి రావడంతో పితకడానికి ఏమీ లేక, మెట్ల మీద కూర్చుని ఇసుకని చూసేవారు. "ఇంత నేల ఉంది, ఒక్క గడ్డిపరక మొలవదు. దీన్ని చూడ్డానికి జనం డబ్బులిచ్చి వస్తారా?" అని ఒక ముసలాయన రోజూ ఆశ్చర్యపోయేవాడు. భోజనాల హాల్లో గ్వెరీనో కిటికీ పక్కన, దెల్ఫీనా తలుపు పక్కన కూర్చునేవారు. మిల్వియా ఒక పూట తండ్రి దగ్గర, ఒక పూట పిన్ని దగ్గర తినేది.

తర్వాత చెక్క గదులు వచ్చాయి. ఆ పైన కొట్టాలు, ఇళ్ళు ఒక్కొక్కటే లేచాయి. ఏళ్ళు గడిచాయి. గ్వెరీనో తన ఇంటిని పాత చోటే కట్టుకున్నాడు, వంటిల్లు కూడా అక్కడే. ఎవరో ఇంకోవైపు పెట్టుకోమంటే, "నా నేల ఇదే. తప్పుకోవాల్సింది నేనా?" అన్నాడు. చేను రాళ్ళ కింద ఉండడంతో దెల్ఫీనాకి గడ్డి చాలక రెండు ఆవుల్ని అమ్మేసింది. ఊళ్ళో ఆమెకి రాళ్ళ దెల్ఫీనా అని పేరు పడింది.

"ఈ ఏడాది రాళ్ళు ఎన్ని కోతలొచ్చాయే దెల్ఫీనా?" అని ఆటపట్టించేవారు.

"మూడొచ్చాయి. మీ ఆవుల్ని తోలుకు రండి, కడుపునిండా మేపుతా."

రాళ్ళ సందుల్లో ముళ్ళకంపలు పెరిగేవి. వాటి కింద పాములు చేరేవి. ఏటా ఆమె కొడవలి పట్టుకుని కంప కొట్టేది, వెలిసిన చోట రంగు మళ్ళీ పూసేది. తాను చేసింది మంచిపనో పిచ్చిపనో అని ఒక్కోసారి ఆమెకే సందేహం వచ్చేది. సందేహం వచ్చిన రోజు ఇంకాస్త గట్టిగా కంప కొట్టేది.

చివరికి చర్చి వంతు వచ్చింది. పాత కట్టడాల సంగతి చూసే ఇంజనీరు బెర్తోలీ ఉదినె నుంచి వచ్చాడు. మంచివాడు, ఉత్సాహవంతుడు. చేలో రాళ్ళని చూసి టోపీ తీశాడు. చాలా ఊళ్ళలో ఒక్క రాయి కూడా మిగలలేదనీ, ఇక్కడ ఎలా ఉండేదో అలాగే, ఎక్కడుండేదో అక్కడే కట్టి చూపిస్తాననీ దెల్ఫీనా చెయ్యి పట్టుకుని ఊపాడు. పునాదులు తవ్వినప్పుడు వంకర గోడ కింద ఇంకా పాతదైన చిన్న చర్చి అడుగు బయటపడింది. వాకిలి పక్కన నేలలో రెండు రాతి గుంటలు కనిపించాయి. "మీ మొట్టమొదటి చర్చికి గోపురమే లేదు," అన్నాడు బెర్తోలీ. "ఇక్కడ రెండు ఓక్ స్తంభాలు పాతి, మధ్యలో దూలానికి గంట వేలాడదీసేవారు." ఊళ్ళోవాళ్ళు వంగి చూసి, పేదవాళ్ళు పాపం అనుకుని వెళ్ళిపోయారు.

ఆ శరదృతువులో సమావేశం పెట్టారు. మేయరు అల్చీదె బల్ల మీద బెర్తోలీ చేసిన చెక్క నమూనా ఉంది. వంకర గోడ కూడా అచ్చంగా వంకరగానే ఉంది. పక్కన గోపురం, జెర్మానో లేపిన రెండు అంతస్తులతో సహా. జనం చుట్టూ మూగి, వేళ్ళతో తడిమి, కళ్ళు తుడుచుకున్నారు. దెల్ఫీనా వెనక వరసలో కూర్చుంది. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఊరంతా ఆమెకి జరిగి చోటిచ్చింది.

అప్పుడు గ్వెరీనో వచ్చాడు. చర్చి మాట వచ్చే ఏ చోటికీ అతను అంతవరకూ రాలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పి పోతాను," అన్నాడు. "చర్చి మీ ఇష్టం. వంకరగా కట్టుకుంటారో, బోర్లా కట్టుకుంటారో నాకనవసరం. కానీ నా వంటింట్లో ఇప్పుడు మా అమ్మాయి వంట చేస్తోంది. దాని నెత్తి మీద ఆ గోపురం నీడ పడకూడదు."

అల్చీదె గొంతు సవరించుకున్నాడు. "గ్వెరీనో, నీ బాధ మాకు తెలీంది కాదు. ఇప్పుడు కట్టేది అప్పటిది కాదు. లోపల ఇనుము పెడతారు. పడదు."

"వీళ్ళ తాత కూడా పడదనే చెప్పుంటాడు," అని గ్వెరీనో గడ్డంతో దెల్ఫీనా వైపు చూపించాడు.

హాల్లో గొణుగుడు మొదలైంది. గోపురం లేకుండా ఊరేంటని ఒకరు, ఆర్తెస్ వాళ్ళ ముందు తలెత్తుకునేదెలాగని ఒకరు. ఒక మనిషి కోసం ఊరంతా ఆగాలా అని ఎవరో వెనకనుంచి అన్నారు. గ్వెరీనో ఆ మాట వైపు తిరగలేదు.

దెల్ఫీనా లేచింది. సభలో మాట్లాడడం ఆమెకి అలవాటు లేదు. ముందు వరస కుర్చీ వీపు పట్టుకుంది.

"పడదని మా తాత చెప్పలేదు," అంది. "మా నాయనమ్మ చెప్పేది నాతో. పైన కట్టేముందు కింద పునాది వెడల్పు చెయ్యాలన్నారట. చేస్తే ఇంకో ఏడాది పడుతుంది. ఆర్తెస్ వాళ్ళు నవ్వుతున్నారని మా తాత ఒప్పుకోలేదు. 'మనం ఉన్నంతకాలం నిలబడితే చాలు, తర్వాత సంగతి తర్వాతి వాళ్ళు చూసుకుంటారు' అన్నాడట. నాయనమ్మ అది నవ్వుతాలుకి చెప్పేది. మేమూ నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వేది."

ఆమె కుర్చీ వదిలి నిటారుగా నిలబడింది.

"చర్చి రాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు తోలుకెళ్ళండి. ఎర్ర రాళ్ళు మాత్రం నేనివ్వను."

బెర్తోలీ లేచి నిలబడ్డాడు. అతని మొహంలో కోపం కంటే దిగ్భ్రాంతి ఎక్కువ. "మీరా ఈ మాట అనేది? ఇన్నేళ్ళు వాటిని కాపాడింది మీరే కదా! అయినా చట్ట ప్రకారం ఆ రాళ్ళు మీవి కావమ్మా. అవి అందరివీ."

"నిజమే బాబూ. అయితే వచ్చి తీసుకెళ్ళండి. ఎవరి ట్రాక్టరు మీద తీసుకెళ్తారు?"

బెర్తోలీ హాలంతా కలియజూశాడు. గోపురం కావాలని అప్పటిదాకా అరిచినవాళ్ళు తమ బూట్లకేసి చూసుకుంటున్నారు. ఫాదర్ తీలియో, అప్పటికి బాగా ముసలివాడయ్యాడు, ఒక మూల కూర్చుని దగ్గుతూ నవ్వుతున్నాడో నవ్వుతూ దగ్గుతున్నాడో తెలియలేదు. "ఆ రెండు గుంటలున్నాయిగా," అన్నాడు చివరికి. "వాటిల్లో స్తంభాలు పాతండి. గంట మోగాలి గానీ, ఎంత ఎత్తునుంచి మోగిందని దేవుడు కొలుస్తాడా?"

ఆ రాత్రి ఏమీ తేలలేదు. ఆ తర్వాత రెండుసార్లు సమావేశం పెట్టినా తేలలేదు. గోపురం సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదామని, ముందు చర్చి కడదామని అల్చీదె కాగితం మీద రాసి అందరి చేతా సరే అనిపించాడు. ఆ 'ప్రస్తుతానికి' అన్న మాట ఇప్పటికీ నడుస్తోంది.

మర్నాడు దెల్ఫీనా పాలు పితికి బయటికి వచ్చేసరికి గడ్డి చేను దగ్గర ట్రాక్టరు చప్పుడు వినిపించింది. గ్వెరీనో బండి వెనక్కి తోలుకొచ్చి, దాని వెనక పలక దించి, ఒక్కడే ఆకుపచ్చ రాయిని గడ్డపారతో పైకి దొర్లిస్తున్నాడు. అతని వయసుకి ఆ రాయి ఎక్కువ. దెల్ఫీనా వెళ్ళి రెండో పక్క పట్టుకుంది. రాయి బండిలోకి చేరాక ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు.

"నీ మీద ప్రేమతో అనుకునేవు," అన్నాడు గ్వెరీనో. "ఈ కంపలోంచి పాములు నా చేలోకి వస్తున్నాయి. ఎప్పుడెప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాను."

"ఆ పాములు నీ చేలోంచే నా చేలోకి వస్తాయి బావా. అక్కడ నీ మొహం చూడలేక."

అతను నవ్వలేదు, కానీ గడ్డపార మీద చెయ్యి ఆగింది. "నీకు నోరు తగ్గలేదు," అన్నాడు.

"ఇన్నేళ్ళు వాడలేదుగా. అరగలేదు."

ఆ చలికాలమంతా ఇద్దరూ రాళ్ళు తోలారు. పనివేళ ఆవుల గురించి, వాన గురించి మాట్లాడుకునేవారు. ఎర్సీలియా పేరు ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, రొట్టె, పందికొవ్వు ముక్క తింటూ, గ్వెరీనో ఉన్నట్టుండి అడిగాడు.

"ఇవ్వనని ఎందుకన్నావ్? నేను వచ్చి అడిగాననా?"

దెల్ఫీనా ఆలోచించింది. "నమూనా చూసినప్పుడు నాకూ కావాలనిపించింది బావా. చూడగానే ప్రాణం లేచొచ్చింది. నువ్వు వంటిల్లు అనే దాకా నేను ఆ కిటికీ సంగతే మర్చిపోయాను. మర్చిపోయానని భయమేసింది."

గ్వెరీనో కత్తి తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

చర్చి లేవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. కొన్ని రాళ్ళు పగిలిపోయాయి, కొన్ని చోటు దొరక్క మిగిలిపోయాయి. చాలావరకూ తమ చోట్లోకే వెళ్ళాయి. వంకర గోడ వంకరగానే వచ్చింది, అయినా ముసలివాళ్ళు లోపలికి వచ్చి అంత వంకర లేదని పెదవి విరిచారు. వాకిలి పక్కన రెండు ఓక్ స్తంభాల మధ్య, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో గంట వేలాడదీశారు. గాలి ఎదురుగా వీస్తే దాని మోత పొలాలకి చేరదు. మధ్యాహ్నం కోల్వెర్ రైతులు మళ్ళీ ఆర్తెస్ గంటకే తింటున్నారు. ఆర్తెస్ వాళ్ళు ఆ మాట సంతలో ఎత్తకుండా ఉండరు.

ఊళ్ళో కొందరు దెల్ఫీనాని క్షమించలేదు. ఆమె కూడా గోపురం లేకపోవడానికి అలవాటు పడలేదు. పొలం నుంచి తల తిప్పి వేళ చూసుకోబోతే అక్కడ ఆకాశం తప్ప ఏమీ ఉండేది కాదు. ఆమెకి అది బాధగానే ఉండేది. చేసిన పని మార్చుకోవాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఎర్ర రాళ్ళు ఏటిగట్టు వైపు ఉండిపోయాయి. ఒక శరత్కాలపు వరద చేను అంచుని కోసుకుపోతుంటే గ్వెరీనో, ఆమె కలిసి వాటిని దొర్లించి గట్టు పోశారు. మిగతా చేలో గడ్డి తిరిగి రావడానికి మూడు వేసవులు పట్టింది.

చర్చి తెరిచాక మొదటి బాప్తిస్మం మిల్వియా కూతురిదే అయింది. అది జూలై, ఊరి పునీతుడు ఉల్డెరీకో పండుగ వారం. ఊరంతా ఎండుగడ్డి పనుల్లో ఉంది. అందరూ ఎర్సీలియా పేరు పెడతారనుకున్నారు. మిల్వియా కూడా అదే అనుకుంది. గ్వెరీనో వద్దన్నాడు. "పిల్ల పిల్లలాగా పెరగనీ. పేరుతోపాటు అదంతా దాని నెత్తినెందుకు?" అన్నాడు. నివెస్ అని పెట్టారు.

పిల్లకి జ్ఞానతల్లిగా ఉండమని దెల్ఫీనాని అడిగారు. అందరూ లోపలికి వెళ్ళారు. గ్వెరీనో పిల్లని చంకనేసుకుని వాకిలి దాకా వచ్చి ఆగిపోయాడు. కొత్త కోటు వేసుకున్నాడు, బూట్లకి నల్లరంగు పట్టించాడు. లోపల ఫాదర్ తీలియో దగ్గు వినిపిస్తోంది.

"రా బావా," అంది దెల్ఫీనా.

"నువ్వు తీసుకెళ్ళు."

"ఒక్క అడుగే కదా."

"నాకు కాదు," అన్నాడు గ్వెరీనో. కోపంగా అనలేదు. పిల్లని ఆమె చేతుల్లో పెట్టి, తలగుడ్డ సర్ది, రెండడుగులు వెనక్కి వేశాడు. "తలుపు వెయ్యకండి. ఇక్కణ్ణుంచి వింటాను."

తలుపు వెయ్యలేదు. నీళ్ళు తల మీద పడగానే పిల్ల పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు కొత్త సున్నం గోడలకి కొట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

దెల్ఫీనా పిల్లతో బయటికి వచ్చేసరికి గ్వెరీనో గంట కింద నిలబడి పడమటి కొండల వైపు చూస్తున్నాడు. అక్కడ నల్లటి మబ్బు లేస్తోంది.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి కదూ?" అన్నాడు. "చెప్పాను, కాస్త వెచ్చబెట్టమని. ఆ ముసలాయన వినడు."

"ఏం కాలేదు. గట్టి పిల్ల."

"గట్టిదే. నీ పోలిక, నోరు చూడు." అతను వేలితో పిల్ల బుగ్గ తుడిచాడు. "పద, వాన వచ్చేలా ఉంది. నీ చేలో కోసిన గడ్డి ఇంకా నేల మీదే ఉంది. నేను బండి తీస్తాను, నువ్వు బట్టలు మార్చుకుని వచ్చేయ్."

దెల్ఫీనా పిల్లని మిల్వియాకి ఇచ్చి, పండుగ బట్టలతోనే అతని వెనక నడిచింది.